బరువోళ్ళ వీధి

1వ రోజు

దిగాం. ఊరి పేరు ఆరో బిలం. చంద్రుడి నేల కింద తొమ్మిది వందల మంది, ఇరవై వీధులు, ఒక్క చెట్టు లేదు. దిగిన నలభై ఒక్క మందికీ తలా ఒక లాగ్ పుస్తకం ఇచ్చి, చేసిన పనీ చూసిన వింతా రోజూ రాయమన్నారు. నా పేరు పైడితల్లి. ఊరు బొబ్బిలి. ఉద్యోగం గాలిపంకాల మెకానిక్. ఇది చదివేవాళ్ళకి తెలుగు రాదు కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

సాయంత్రం వీళ్ళకి 'వినేవేళ' అని ఒకటుంది. పావుగంట సేపు ఊళ్ళో పంకాలన్నీ ఆపేసి అందరూ పెద్ద హాల్లో చేరతారు. ప్రతి వీధి నుంచీ ఒక ఇత్తడి గొట్టం వచ్చి ఆ హాలు గోడలో తేలుతుంది. గొట్టాలకి చెవులు ఆనించి, ఏ వీధిలోనైనా గాలి కారుతున్న చప్పుడు వస్తుందేమోనని వింటారు. డెబ్బై ఏళ్ళుగా ఒక్క రోజు కూడా మానలేదట. నాకు ముచ్చటేసింది.

పంకాలు ఆగాక హాల్లో సన్నగా 'స్స్' మని వినబడింది. కుక్కరు ఈల వేయబోయే ముందు వస్తుందే, ఆ చప్పుడు. పక్కన కూర్చున్న పెద్దావిడని అడిగాను. పెదవి మీద వేలు పెట్టి, "అది హాలు ఊపిరి. మౌనం అంటే అదే" అంది. ఊరు కొత్త, మౌనమూ కొత్తే కాబోలు అనుకుని ఊరుకున్నాను.

3వ రోజు

మాకు ఇక హాల్లోకి ప్రవేశం లేదు. వినేవేళ మధ్యలో మల్లేశం తుమ్మాడు. మల్లేశం క్యాంటీన్లో వంటవాడు, జగిత్యాల మనిషి, ఓడ ఎక్కినప్పటి నుంచీ నన్ను అక్కా అంటున్నాడు.

"నేను మెల్లగనే తుమ్మిన అక్కా. వీళ్ళకు బాంబు పేలినట్టు ఇనబడ్డదట."

"తుమ్మి ఊరుకున్నావేటి? తుమ్మీసి నవ్వినావు కాదూ."

"అందరు ఒక్కసారి నా దిక్కు తిరిగిన్రు. నవ్వు ఆగలె."

భూమి మనుషులు నిశ్శబ్దంగా ఉండలేరని తీర్మానం అయిపోయింది. ఒక్కడి తుమ్ము నలభై ఒక్క మంది ముక్కులకి అంటగట్టారు. రేపటి నుంచి వినేవేళకి మమ్మల్ని గోడలకి దూది అతికించిన గదిలో కూర్చోబెడతారు.

688వ రోజు

పని: పదకొండో వీధిలో రెండు పంకాలు విప్పి, బేరింగులు మార్చి, మళ్ళీ బిగించాను. పని అరగంటలో అయింది. మిగతా గంటా నేను భూమిదాన్ని అయినందుకు పోయింది.

ఇక్కడ మమ్మల్ని బరువోళ్ళు అంటారు. మా వీధి బరువోళ్ళ వీధి. భూమి మీద పెరిగాం కాబట్టి ఎముక మందం, పిక్క మందం, వాళ్ళ లెక్కలో బుర్రా మందమే. నేను నిచ్చెన ఎక్కబోతే ఇంటావిడ కింద పరుపు వేసింది. నాకు దెబ్బ తగులుతుందని కాదు, నేల పగులుతుందని. ఇద్దరు తల్లులు పిల్లల్ని తీసుకొచ్చి నా పిక్కలు తాకించారు. బరువోళ్ళ పిక్క తాకితే పిల్లల కాళ్ళకి బలం వస్తుందట. ఈ ఊళ్ళో గుడి లేని లోటు నా పిక్కలు తీరుస్తున్నాయి.

నీళ్ళ సంగతి మరీ ఘోరం. బరువోళ్ళు నీళ్ళు పారబోస్తారని వీళ్ళకి గట్టి నమ్మకం. వీళ్ళు తడిగుడ్డతో ఒళ్ళు తుడుచుకుని సరిపెట్టుకుంటారు. మాకు మాత్రం ఒప్పందం ప్రకారం నెలకో తలంటుకి నీళ్ళిస్తారు. మొదటి నెల నేను తలంటుకుంటుంటే ఆ నీళ్ళ చప్పుడుకి చుట్టుపక్కల తలుపులన్నీ తెరుచుకున్నాయి. అప్పటి నుంచి పంతం పట్టి మానేశాను. నా వంతు నీళ్ళు డబ్బాలో అలాగే ఉన్నాయి. అమ్మ కట్టిచ్చిన కుంకుడుకాయలు సంచిలో అలాగే ఉన్నాయి. నా జుట్టు మాత్రం అలాగే లేదు.

ఉన్నమాట చెప్పాలి కదా, నేనూ తక్కువ తినలేదు. వాళ్ళని పొడుగోళ్ళు అంటాను. చంద్రుడి మీద బరువు తెలియకుండా పుట్టి వెదురుబొంగుల్లా సాగిపోయారు. ఉప్పూకారం లేని తిండి తిని ఉప్పూకారం లేకుండా మాట్లాడతారు. రెండేళ్ళలో ఒక్క మొహంలో నవ్వు చూడలేదు. ముఖ్యంగా కెస్సా. మొదటి రోజు హాల్లో నా పక్కన కూర్చున్న పెద్దావిడే. ఊరికి వినికిడి పెద్ద ఆవిడ. హాల్లో ఎవరు కూర్చోవాలో, ఎవరు కూడదో ఆవిడ మాటే మాట. వాళ్ళింట్లో పంకా తుడుస్తూ నేను ఊసుపోక ఏవో కబుర్లు చెబుతాను. మొహంలో గీత కదలదు. వేళ్ళతో మోకాలి మీద టకటకా కొట్టుకుంటుంది. తొందరగా కానిచ్చి దయచేయమని కాబోలు.

702వ రోజు

ఊరి నిల్వగాలి తగ్గుతోంది. నేను మొన్న కొలిచినప్పుడే తేడా కనిపించింది, కొలత తప్పేమోనని మళ్ళీ కొలిచాను. తప్పు కాదు. కొన్ని నెలలుగా కొద్దికొద్దిగా పోతున్నది ఇప్పుడు ఎక్కువైంది. వినేవేళలో ఏ గొట్టంలోనూ ఏ చప్పుడూ లేదట.

మా అధికారి తావిన్ పిలిచాడు. మర్యాదస్తుడు. మెల్లగా, నేల చూస్తూ మాట్లాడతాడు.

"పైడీ, మీ వీధివాళ్ళు కొంచెం తక్కువ పీల్చగలరేమో చూడండి."

వేళాకోళం అనుకున్నాను. పొడుగోళ్ళకి వేళాకోళం రాదని వెంటనే గుర్తొచ్చింది.

"గాలి తక్కువ పీల్చడం ఎలాగో మీరు చూపిస్తే నేర్చుకుంటాం" అన్నాను.

ఆయన దాన్ని సలహాగా తీసుకుని కాగితం మీద రాసుకున్నాడు.

709వ రోజు

మా మూతులకి మీటర్లు కట్టి ఒక పగలంతా తిప్పారు. లెక్క తేలింది. వాళ్ళకంటే మేం పీల్చేది ఎక్కువే, కానీ నలభై ఒక్క మంది ఎక్కువా కలిపినా తగ్గిన గాలిలో పదో వంతు లేదు. మిగతా తొమ్మిది వంతులు ఎటు పోయాయని తావిన్‌ని అడిగాను.

"లెక్క సరే. కానీ మీరు వచ్చాకే కదా మొదలైంది" అన్నాడు.

కాకి వాలితే తాటిపండు పడిందనడం మా ఊళ్ళోనూ ఉంది. వాదించే ఓపిక లేక వచ్చేశాను. దారిలో ఇద్దరు ఆడవాళ్ళు నేను దాటేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. వాళ్ళ గాలి నేను లాక్కుంటానని భయం. నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. రెండేళ్ళుగా వీళ్ళకి గాలి ఆడించే పంకాలు తుడుస్తున్నది నేను.

714వ రోజు

ఊరిసభ 731వ రోజున కూర్చుంటుంది. గాలి ఇలాగే తగ్గితే నలభై ఒక్క మందినీ 733వ రోజు ఓడలో భూమికి పంపేస్తారు. నాదేముంది, బొబ్బిలిలో దిగి మళ్ళీ నడక నేర్చుకుంటాను. మల్లేశం సంగతి అది కాదు. వాడు కెస్సా కూతురు ఇనీని పెళ్ళాడాడు. ఇనీకి ఏడో నెల. చంద్రుడి మీద పుట్టిన గుండె భూమి బరువుకి వారం కూడా ఆగదని డాక్టరు ఎప్పుడో చెప్పింది. వాడు వెళితే ఒక్కడే వెళ్ళాలి, బిడ్డని ఎప్పటికీ ఎత్తుకోలేడు.

ఇవాళ క్యాంటీన్లో వాడు గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కూర మాడింది.

"నేనేం తప్పు జేసిన అక్కా? శ్వాస దీసుకున్న. గంతే గదా."

"నువ్వెళ్ళవు తమ్ముడూ. నేను చెప్తన్నాను కదా."

చెప్పడమైతే చెప్పాను. ఎలా ఆపాలో నాకు తెలియదు.

719వ రోజు

సభకి ఒక విన్నపం రాద్దామని, మేం ఈ ఊరికి చేసిన పనులన్నీ ఏరడానికి లాగ్ మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. మొదటి పేజీ దాటలేదు. కుక్కరు ఈల వేయబోయే ముందు వచ్చే చప్పుడు. నా చేత్తో నేనే రాసుకున్నాను.

నేరుగా కెస్సా ఇంటికి వెళ్ళాను.

"కెస్సమ్మా, ఆ హాలు ఊపిరి ఎప్పటి నుంచి ఉంది?"

"నా చిన్నప్పటి నుంచీ ఉంది. మౌనం పుట్టినప్పటి నుంచీ ఉంటుంది కదా."

"అప్పుడూ ఇప్పుడూ ఒకేలా ఉందా?"

ఆవిడ అబద్ధం ఆడే మనిషి కాదు. "ఈ మధ్య మౌనం కొంచెం చిక్కబడింది" అంది.

 "అమ్మా, మౌనం చిక్కబడదు. మౌనానికి చప్పుడే ఉండదు."

ఆవిడకి అర్థం కాలేదు. ఈ ఊళ్ళో తల్లులు పిల్లల్ని నిద్రపుచ్చేది కూడా ఆ 'స్స్' శబ్దంతోనే. పాపం, పుట్టిన దగ్గర నుంచీ వింటున్నది చప్పుడని ఎలా తెలుస్తుంది. వీధి వీధికీ గొట్టం పెట్టి విన్నారు కానీ, తాము కూర్చున్న హాలుని ఎవరూ వినలేదు. విని ఉండాల్సిన కొత్త చెవులేమో నాలుగో రోజే దూది గదిలో పడ్డాయి.

"హాలు గోడలోంచి గాలి కారుతోంది. చూపిస్తాను. మా నాన్నకి సైకిల్ పంక్చర్ల షాపు. ట్యూబులో చిల్లి ఎక్కడుందో చెవికి తెలియకపోతే తొట్టిలో ముంచేవాడు, ట్యూబు తొట్టిలో పట్టకపోతే సబ్బునీళ్ళు పూసేవాడు. చిల్లి ఉన్నచోట బుడగ లేస్తుంది. మీ హాలుని ముంచలేను కాబట్టి నురుగు పూస్తాను."

"నీళ్ళా? గోడకా?" అంది కెస్సా. ఆవిడ గొంతు పెరగడం నేను వినడం అదే మొదటిసారి.

"నీళ్ళే. బరువోళ్ళం కదా, పారబోయకపోతే మాకు నిద్రపట్టదు."

ఆవిడ వేళ్ళు మోకాలి మీద టకటకా కొట్టుకున్నాయి. పొమ్మంటోందని లేచి వచ్చేశాను. దారిలో మల్లేశం ఎదురైతే చెప్పుకుని బాధపడ్డాను.

"పొమ్మనుడు గాదక్కా, గది నవ్వుడు. ఈళ్ళు గట్లనే నవ్వుతరు."

"నవ్వేటి?"

"ఇనీ నా మీద రోజంత గదే గద. రెండేండ్ల సంది గా పెద్దమ్మ నీ ముచ్చట్లకు నవ్వుతనే ఉన్నది. నువ్వడగలె, నేను జెప్పలె."

రెండేళ్ళు. ఆవిడ నవ్వుతుంటే నేను మొహం మాడ్చుకుని పంకాలు తుడిచాను. వాళ్ళకి నవ్వు రాదని ఈ పుస్తకంలో ఎన్నిసార్లు రాశానో లెక్కపెడితే పదిహేడు.

724వ రోజు

తావిన్ ఒప్పుకోలేదు. బరువోళ్ళు హాల్లోకి రావడం ఒక తప్పు, వినేవేళలో రావడం రెండో తప్పు, నీళ్ళతో రావడం మూడో తప్పు. మూడూ చాలా మర్యాదగా చెప్పాడు.

అప్పుడు కెస్సా వచ్చింది. పక్కన ఇనీ, కడుపు మీద చెయ్యి వేసుకుని.

"హాల్లోకి ఎవరు రావాలో చెప్పే మాట నాది. పైడిని నేను రమ్మంటున్నాను" అంది కెస్సా.

"ఏమీ దొరక్కపోతే?" అన్నాడు తావిన్.

"నేను కుర్చీ దిగిపోతాను. సభ దాకా ఆగనక్కర్లేదు, ఆ రోజే వీళ్ళని పంపేయండి. నా అల్లుడితో సహా."

ఇనీ తల వంచుకుంది. నావి మందపు పిక్కలు కాబట్టి నిలబడ్డాను.

730వ రోజు

ఉదయమే కుంకుడుకాయలు కొట్టి, గింజలు తీసి, దాచుకున్న నీళ్ళలో నానబోశాను. సాయంత్రానికి పిసికితే నురుగు పొంగింది. ఆ వాసనకి ఇల్లు గుర్తొచ్చింది. రెండేళ్ళ నా తలంటు అంతా రెండు బకెట్లలో పోసుకుని హాల్లోకి నడిచాను. జనం రెండు పాయలై దారి ఇచ్చారు. అందరి చూపూ బకెట్ల మీదే.

పంకాలు ఆగాయి, నా పని అయ్యేదాకా మళ్ళీ వేయొద్దని కెస్సా చెప్పింది. మొదటి రోజు విన్న చప్పుడే, ఇప్పుడు ఇంకా గట్టిగా ఉంది. అది అలా కూస్తుంటే తొమ్మిది వందల మంది ప్రశాంతంగా కళ్ళు మూసుకున్నారు.

"కళ్ళు తెరవండి. కాసేపట్లో ఈ గోడ మీద బుడగలు లేస్తాయి. అక్కడే చిల్లి" అని చెప్పి మొదలుపెట్టాను. గొట్టాలు తేలిన గోడంతా, అడుగు నుంచి నా చెయ్యి అందినంత ఎత్తు దాకా, గుడ్డతో నురుగు పూసుకుంటూ వెళ్ళాను. నేల మీద చుక్క పడినప్పుడల్లా ఎవరో ఒకరు ఉలిక్కిపడ్డారు. సగం అయింది. బుడగ లేదు. మొత్తం అయింది. బుడగ లేదు. రెండు బకెట్లూ ఖాళీ. తావిన్ నా వైపు చూసి, జాలిగా తల దించుకున్నాడు. గుమ్మం దగ్గర మల్లేశం గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు.

నేను బొబ్బిలి షాపులో బెంచీ మీద కూర్చున్నట్టు ఆలోచించాను. నాన్న ట్యూబుకి బయట ఉండేవాడు. గాలి ట్యూబులోంచి ఆయన వైపు వచ్చేది, అందుకే బుడగ లేచేది. ఇక్కడ ట్యూబు ఈ హాలే. మేం దాని లోపల ఉన్నాం. గాలి మా నుంచి బయటికి పోతుంది. బుడగ ఎలా వస్తుంది నా మొహం. నురుగు లోపలికి పోవాలి.

"బుడగలు కాదు, నేను తప్పు చెప్పాను" అని అరిచాను. ఆ హాల్లో డెబ్బై ఏళ్ళలో ఎవరూ అలా అరిచి ఉండరు. "నురుగు ఎక్కడ మాయమవుతుందో చూడండి."

అందరూ చూశారు. తెల్లటి గోడ. ఒక నిమిషం, రెండు నిమిషాలు. ఆరో గొట్టానికీ ఏడో గొట్టానికీ మధ్య నురుగు మెల్లగా జారడం మొదలుపెట్టింది. కిందికి కాదు, పక్కకి. అటు నుంచీ ఇటు నుంచీ వచ్చి ఒక గీతలో పడి, గీత వెంట గోడలోకి దూరిపోయింది. చూస్తుండగానే నా చెయ్యంత పొడుగు నల్లటి పగులు బయటపడింది.

కెస్సా లేచి వచ్చి ఆ పగులుకి చెవి ఆనించింది. ఆవిడ మొహంలో రెండేళ్ళలో మొదటిసారి గీత కదిలింది. వెనక్కి తిరిగి, "ఇదే మౌనం" అంది. తర్వాత పగులు వెంట చెవి జరుపుకుంటూ వెళ్ళి, నురుగు చేరని ఎత్తులో, గోడ పైన ఇంకో రెండు చోట్ల వేలు పెట్టింది. "ఇక్కడ. ఇక్కడ కూడా." ఏం వినాలో తెలిశాక ఆ చెవికి ఎదురు లేదు. అంత ఎత్తు నాకు అందదు. ఆవిడకి మునివేళ్ళ మీద లేవనక్కర్లేకుండా అందింది.

మిగతాది మా నాన్న పని. పగులు చుట్టూ ఆకురాయితో గరుకు చేసి, రబ్బరు ముక్క కోసి, సొల్యూషన్ జిగురు పూసి అంటించాను, పై రెండు చోట్లా నేను అందిస్తుంటే కెస్సా అంటించింది. గట్టిగా అదమనక్కర్లేదు, బయటికి పోయే గాలే అతుకుని గోడకి లాగి పట్టుకుంది. మూడో అతుకు పడగానే ఆ చప్పుడు ఆగిపోయింది.

అప్పుడు హాల్లో నిజమైన నిశ్శబ్దం వచ్చింది. చంటిపిల్లలు ఒక్కసారిగా ఏడ్చారు. ఒక ముసలాయన చెవుల్లో వేళ్ళు పెట్టి తిప్పుకుని, తనకి చెవుడు వచ్చిందన్నాడు. తావిన్ పెదవులు కదిపి, తన గొంతు తనకి వినబడేసరికి అదిరిపోయాడు.

ఆ నిశ్శబ్దంలో మల్లేశం తుమ్మాడు.

అందరూ ఒక్కసారి వాడి వైపు తిరిగారు. ముందు కెస్సా వేళ్ళు కదిలాయి. తర్వాత ఇనీవి. తర్వాత వరస వెంట వరస, మోకాళ్ళ మీద, బల్లల మీద, ఇత్తడి గొట్టాల మీద తొమ్మిది వందల మంది వేళ్ళు టకటకా కొట్టుకున్నాయి. బొబ్బిలిలో రేకుల కప్పు మీద వాన పడితే అలాగే ఉంటుంది. నేను ఖాళీ బకెట్ బోర్లించి దాని మీద కూర్చుని పగలబడి నవ్వాను. ఎవరూ ఉలిక్కిపడలేదు.

731వ రోజు

నిల్వగాలి కొలిచాను. నిన్నటి అంకె ఇవాళా అదే ఉంది. ఊరిసభ పావుగంటలో ముగిసింది. 733వ రోజు ఓడ మేం లేకుండానే వెళుతుంది. దూది గది తీసేసి క్యాంటీన్‌కి ఇచ్చేశారు.

ఒక కొత్త నియమం కూడా పెట్టారు. బయటి నుంచి దిగిన ప్రతి మనిషినీ మొదటి రోజే ఊరంతా తిప్పి, వినబడిందీ కనబడిందీ వాసన తగిలిందీ అంతా రాయించుకోవాలి. ఊరివాళ్ళు ఎవరూ 'ఇక్కడ అంతే' అని వాళ్ళకి చెప్పకూడదు. ఆ నియమం రాసింది తావిన్.

సాయంత్రం ఊరివాళ్ళు వంతులేసుకుని తలా ఒక గిన్నెడు నీళ్ళు తెచ్చి నా గుమ్మంలో పెట్టారు. చివరి గిన్నె తావిన్‌ది. "తలంటుకోండి పైడీ. మేం తలుపులు తీసి చూడం" అన్నాడు. వేలితో ఒకసారి గిన్నె మీద కొట్టాడు. పొడుగోళ్ళకి వేళాకోళం వచ్చు.

794వ రోజు

మల్లేశానికి కూతురు పుట్టి పది రోజులైంది. వాడు బిడ్డని కింద దించడం లేదు, ఇనీ అడిగితే గానీ ఇవ్వడం లేదు. అది ఏడిస్తే ఆరు వీధులకి వినబడుతుంది. కెస్సా ఆ ఏడుపు విని ఊరందరికీ గర్వంగా చెప్పుకుంటోంది.

ఇవాళ కొత్త ఓడ వచ్చింది. పన్నెండు మంది దిగారు. నియమం ప్రకారం వాళ్ళని తిప్పే పని నాది. తొమ్మిదో వీధిలో ఒకావిడ ఆగి, ముక్కు ఎగబీల్చి, "ఇక్కడ ఏదో మాడు వాసన వస్తోంది" అంది.

నేనూ పీల్చాను. ఏ వాసనా లేదు. ఈ కొత్తోళ్ళకి అన్నీ అనుమానాలే, ఇక్కడి గాలి అంతే అనబోయాను. మాట నాలుక చివరి దాకా వచ్చేసింది. ఎవరి మాట నా నోట్లో ఉందో అప్పుడు తెలిసింది. నోరు మూసుకుని, లాగ్ పుస్తకం తెరిచి పెన్నుతో సహా ఆవిడ చేతిలో పెట్టాను.

ఆవిడ రాసిన చోట మూత విప్పి చూస్తే, పంకా వెనక వైరు సగం మాడి ఉంది. మూడు నెలల కిందట ఆ పంకా బిగించింది నేనే.

నా వేళ్ళు వాటంతట అవే మోకాలి మీద టకటకా కొట్టుకున్నాయి. ఆ కొత్తావిడ నా చేతి వైపు చూసి, తొందరపెడుతున్నాననుకుని, పాపం, అడుగు ముందుకు వేసింది.

"ఆగమ్మా, పొమ్మనడం కాదు. నవ్వుతున్నాను" అన్నాను.